నట్టింట్లో రేకు పెట్టె

విశాఖపట్నం,
6 ఫిబ్రవరి 1996

వదినకు రజని నమస్కారాలు.

ఇక్కడ మేమంతా కులాసా. మీరూ కులాసాగానే ఉండి ఉంటారు, లేకపోతే ఈపాటికి నీ దగ్గరనుంచి ఉత్తరం వచ్చేది. బాగున్నప్పుడు రాసే అలవాటు నీకు లేదు కదా!

మా కుమారికి సంబంధం కుదిరింది. ఏప్రిల్ నెలాఖరులో ముహూర్తం. పిల్లవాడి తండ్రి ఇక్కడ పోర్టులో పెద్ద ఆఫీసరు. మనుషులు మంచివాళ్లే గానీ ప్రతిదీ పైనుంచి కిందదాకా చూసే రకం. మా అత్తగారు వరలక్ష్మమ్మ సంగతి నీకు తెలిసిందే, వాళ్లకంటే రెండాకులు ఎక్కువే చూస్తారు. కాబట్టి మనం జాగ్రత్తగా ఉండాలి.

మా ఆయన, అదే మీ అన్నయ్యగారు, ఈమధ్యనే ఒక కొత్త విమానం కంపెనీకి టికెట్ల ఏజెన్సీ తీసుకున్నారు. చిన్న విమానం. రాయపూర్‌లో ఎక్కితే భువనేశ్వర్‌లో ఒకసారి దిగి, మళ్లీ ఎగిరి ఇక్కడికి వస్తుంది. టికెట్ చవక. చవక కాబట్టి భోజనం పెట్టరు, ఒక చాక్లెట్టు చేతిలో పెడతారు. అన్నయ్య తనకు మిల్లులో షట్‌డౌన్ ఉందనీ, పెళ్లికి ఎక్కువ రోజులు సెలవు దొరకదనీ రాశాడు. అందుకని మీ ఇద్దరికీ ఆ విమానంలోనే టికెట్లు తీయిస్తున్నాం. వియ్యంకుడుగారు ఎయిర్‌పోర్టుకు తనే కారు తెస్తానన్నారు. పెళ్లికూతురి మేనమామ విమానం దిగుతుంటే చూడాలని వాళ్లకు సరదా, చూపించాలని నాకు సరదా.

ఇక సామాను సంగతి. పెద్ద పెట్టెలకు కిలోకు ఇంత అని పిండుతారు, అవి కూడా ఒక్కోసారి తర్వాతి విమానంలో వస్తాయి. కాబట్టి చేతిలో పట్టుకునే సంచి ఒక్కటే తెచ్చుకోండి. పొడవు ఇరవై అంగుళాలు, వెడల్పు పద్నాలుగు, మందం తొమ్మిది. అంతకు మించితే ఎక్కనివ్వరు. మెత్తగా ఉండేది కొను, నొక్కితే ఇమిడిపోతుంది. రెక్సిన్ వద్దు, మడతల దగ్గర పగులుతుంది. చక్రాలవి వద్దు, చక్రాలే సగం చోటు తినేస్తాయి. బరువైన చీర ఒంటిమీద కట్టుకో, తేలికవి సంచిలో పెట్టుకో. కుమారిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేటప్పుడు కట్టే మేనమామ పట్టుచీర మాత్రం ఆ సంచిలో అన్నిటికంటే పైన ఉండాలి. ఆ చీర ఏ పెట్టెలో వస్తే ఆ పెట్టెతోనే కదా పిల్ల అత్తవారింటికి వెళ్లేది. అందుకే ఇంతగా చెబుతున్నాను, కాస్త మంచిది కొను.

ఒక్కటే మనవి. మీ నాన్నగారి రేకు పెట్టె మాత్రం తేవద్దు.

అన్నయ్యను ఆరోగ్యం చూసుకోమని చెప్పు.

రజని

భిలాయి, వైశాలి నగర్,
15 ఫిబ్రవరి 1996

చిరంజీవి రజనికి వదిన దీవెనలు. కుమారికి వెయ్యి దీవెనలు.

ఉత్తరం మీ అన్నయ్య పైకి చదివారు. విమానం అనగానే ఆయన ముఖం వెలిగింది. చివరికొచ్చేసరికి గొంతు తగ్గించి, ఆ ఒక్క ముక్కా చదవకుండా కాగితం మడత పెట్టబోయారు. నేను లాక్కుని చదువుకున్నాను.

ఇరవై ఏళ్లయింది, నువ్వు మర్చిపోయి ఉంటావు. నేను మర్చిపోలేదు కాబట్టి గుర్తుచేస్తాను. విజయనగరంలో నీ పెళ్లి. నేను ఆ ఇంటికి కొత్త కోడల్ని. నీకు మీ అన్నయ్య తరఫున పెట్టాల్సిన చీరలన్నీ పెట్టుకుని మా నాన్న ఇక్కడినుంచి రైల్లో వచ్చాడు. ఆ పెట్టె ఆయన తన చేతులతో చేసింది. ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో పనివాళ్ల బస్తీ క్యాంప్ వన్‌లో మాకు తలుపు లేని గది ఉన్నప్పుడు కూడా ఆ పెట్టెకు తాళం ఉండేది. స్టేషన్ నుంచి మీ ఇంటిదాకా దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చాడు. మీ హాల్లో మగపెళ్లివారి సూటుకేసులు వరసగా ఉన్నాయి. మా నాన్న పెట్టెను తీసుకెళ్లి పెరట్లో, వంటవాళ్ల కట్టెల పక్కన పడేశారు. రాత్రి వాన కురిసింది. తెల్లారి మా నాన్న అక్కడ గొంతుక్కూర్చుని, భుజం మీది తువ్వాలుతో ఆ పెట్టెను తుడుస్తున్నాడు. నన్ను చూసి, "ఏటి కాదమ్మా, పెట్టికేటవుతాది" అన్నాడు. మళ్లీ బతికుండగా మీ ఇంటి గడప తొక్కలేదు.

అప్పలసూరి కూతురి చేతిసామాను ఒకరోజు మీ నట్టింట్లో అందరి మధ్యా పెట్టించాలని నేను ఆనాడే అనుకున్నాను. అది చూడకుండా చావను.

సంచి విషయం నాకు వదిలెయ్. కొలత రాసుకున్నాను.

వనజాక్షి

విశాఖపట్నం,
24 ఫిబ్రవరి 1996

వదినా,

నేను ఒక మాట అంటే నువ్వు ఇరవై ఏళ్ల కిందటి పెరట్లోకి వెళ్లి కూర్చుంటావు. పెళ్లిపీటల మీద తల వంచుకుని కూర్చున్నదాన్ని, ఎవరి పెట్టె ఎక్కడ పెట్టారో నాకేం తెలుసు? ఇంట్లో పనులన్నీ చిన్నారావు మావయ్య చేతిలో ఉన్నాయి. ఆయన పోయి కూడా పదేళ్లయింది. వెళ్లి అడుగుదామన్నా లేడు.

నువ్వు నీ కడుపుమంట చెప్పావు, నా కడుపుమంట కూడా విను. ఆ పెట్టెలోంచి నాకు వచ్చిన ఆకుపచ్చ చీరకు కుచ్చిళ్ల దగ్గర అరచేయంత తుప్పు మరక. అత్తవారింట్లో మొదటి రోజు అదే కట్టుకోవాలి. పెళ్లి ఫోటోలు తీసి చూడు, ప్రతి దాంట్లో నా ఎడమ చెయ్యి నడుము కిందే ఉంటుంది. మా అత్తగారు ఇరవై ఏళ్లుగా నన్ను "తుప్పు చీర కోడలు" అనే పిలుస్తున్నారు. నేను ఎవరికైనా ఉత్తరం రాశానా?

వానకు తుప్పు పట్టిందని అనకు. ఒక్క రాత్రికి అంత తుప్పు పట్టదు. అది భిలాయి నుంచి వచ్చిన తుప్పే.

సరే, పోనీ. నీ పంతం తీరాలి, నా పరువు నిలవాలి. నేను చెప్పిన కొలతకు సరిగ్గా ఉండే మంచి సంచి తే. మగపెళ్లివారు కూర్చుని ఉండగా నట్టింట్లో, మా తివాచీ మీద, నా చేతులతో పెట్టిస్తాను. ఇది నా మాట. కుమారి మీద ఒట్టు.

మీ అన్నయ్యగారు చెప్పమన్నారు, ఎయిర్‌పోర్టులో కంపెనీవాళ్లు ఒక ఇనుప చట్రం పెట్టారట. సంచి అందులో దిగితేనే లోపలికి పంపుతారు. కాబట్టి కొలత దగ్గర అశ్రద్ధ వద్దు.

రజని

భిలాయి,
5 మార్చి 1996

చిరంజీవి రజనికి,

ఒట్టు అందింది. ఉత్తరాన్ని దేవుడి గూట్లో దాచాను.

నీ కోసం బజార్లన్నీ తిరిగాను. సివిక్ సెంటర్‌లో ఒక సంచి చూశాను. అంతా బాగుంది, జిప్పు లాగితే పళ్లు ఊడి చేతికొచ్చాయి. సుపేలాలో ఒకడు, "లే జావ్ దీదీ, ఏక్‌దమ్ ఫారిన్ మాల్" అని, అచ్చం విదేశీ సరుకేనని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తిరగేసి చూస్తే అడుగున అట్టముక్క. పవర్ హౌస్ బజార్లో మెత్తని సంచులు చాలా ఉన్నాయి. ఒకదాంట్లో నీ చీర ఉందనుకుని నొక్కి చూశాను. రజనీ, అవి సామాను మోసే సంచులు కావు, సామానే వాటిని మోయాలి. నింపితే గుమ్మడికాయలా ఉబ్బుతాయి, ఖాళీ చేస్తే కుప్పకూలిపోతాయి. అలాంటిది తెచ్చి మీ తివాచీ మీద పెడితే ఏం గౌరవం?

అందుకని చేయిస్తున్నాను. నువ్వు రాసిన కొలతకే. పనివాడు చాలా నమ్మకమైనవాడు, చెప్పిన దానికి ఒక నూలు అటూ ఇటూ పోడు. మీ అన్నయ్యకు మొదట ఇష్టం లేదు. "ఏటే వనజా, ఇంత పంతమేటి? పెళ్లికెళ్తన్నామా, యుద్ధానికెళ్తన్నామా?" అన్నారు. రెండూ అన్నాను. తర్వాత ఆయన కూడా టేపు పట్టుకుని కూర్చున్నారు. స్టీలు ప్లాంటు మనిషికి కొలత అంటే ఇక వేరే ధ్యాస ఉండదు.

పట్టుచీర తీసుకున్నాం. వంగపండు రంగు, జరీ అంచు. రాయపూర్ వెళ్లి కొన్నాను.

వదిన

విశాఖపట్నం,
16 మార్చి 1996

వదినా,

కుట్టిస్తున్నావని తెలిసి చాలా సంతోషం. ఈ బుద్ధి నాకు తట్టనే లేదు. గోధుమరంగు గుడ్డ అయితే మురికి కనబడదు. లోపల అస్తరు వేయించు. అంచులకు కాస్త గట్టి పట్టీ ఉంటే ఆకారం నిలబడుతుంది. మూలల దగ్గర రెండు వరసలు కుట్టమను. మా వియ్యపురాలికి కూడా చెప్పాను, "మా వదిన కొన్న సంచి తేదు, ప్రత్యేకంగా చేయిస్తోంది" అని. ఆవిడ అప్పుడే ఆ కొలతలు కాగితం మీద రాసుకుంది.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. నిన్న అన్నయ్య మీ పక్కింటి ఫోనులో మాట్లాడుతూ, "అంతా అయిపోయినాది, ఇంకా డ్రిల్లింగు మిగిలుందమ్మా" అన్నాడు. సంచికి డ్రిల్లింగు ఏమిటి? నేను అడిగేలోపు లైను పోయింది. మిల్లు సంగతి చెబుతున్నాడేమో అనుకున్నాను. అంతేనా?

రజని

భిలాయి,
27 మార్చి 1996

చిరంజీవి రజనికి,

నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి. రంగు వేయించాను. అస్తరు వేయించాను. అంచులు గట్టిగా మడత పెట్టించాను. మూలల దగ్గర రెండు వరసలు కాదు, మూడు వరసలు. మీ వియ్యపురాలు కొలతలు రాసుకుందన్నావు, చాలా సంతోషం. ఆవిడ టేపు పెట్టి చూసుకున్నా తేడా రాదు.

మిల్లులో డ్రిల్లింగు ఎప్పుడూ ఉంటుంది.

ఒట్టు మర్చిపోవద్దు. నట్టింట్లో, తివాచీ మీద, నీ చేతులతో.

వనజాక్షి

భిలాయి,
4 మే 1996

చిరంజీవి రజనికి, అప్పలసూరి కూతురు వనజాక్షి దీవెనలు.

పెళ్లిలో నువ్వు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. తలంబ్రాలు కలిపేటప్పుడు కూడా పళ్లెం నాకు వెనకనుంచి అందించావు. మీ అన్నయ్యకు సెలవు లేదు కాబట్టి మర్నాడు పొద్దున్నే బయల్దేరాం, అప్పుడు కూడా నువ్వు వంటింట్లోంచి రాలేదు. అందుకని రాయపూర్‌లో ఏం జరిగిందో నీకు తెలియదు. తీరిగ్గా కూర్చుని చదువు.

అవును, అది మా నాన్న పెట్టే. పెద్దది కదా, మా తమ్ముడు లక్ష్మీప్రసాద్ చేత నీ కొలతకు కోయించాను. వాడు కత్తెర చేతికి తీసుకుని మళ్లీ కింద పెట్టేశాడు. "అక్కా, ఇది నాన్న చేతి పని. దీన్ని నేనెలా కోసీగలను?" అన్నాడు. "నాన్నకి ఆ పెరట్లో ఏటి జరిగిందో గుర్తుంటే కోసీ" అన్నాను. కోశాడు. మూత మీద నాన్న మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టుకున్న పేరు ఉన్న భాగాన్ని మాత్రం పదిలంగా ఉంచాడు. లోపల ఎర్రరంగు, దాని మీద ప్లాస్టిక్కు, దాని మీద పాత పట్టుపంచె అస్తరు. ఇన్ని జాగ్రత్తలూ నీ చీర కోసమే.

ఎయిర్‌పోర్టులో కంపెనీ కుర్రాడు చట్రం చూపించి అందులో పెట్టమన్నాడు. మీ అన్నయ్య పెట్టారు. స్టీలు గ్లాసులో గ్లాసు దిగినట్టు దిగింది. ఆయనకు గర్వం ఆగలేదు. "చూడవే, ఎంత టైటుగా కూర్చున్నాదో! మా బావమరిది పనంటే అలగుంటాది" అని చుట్టూ ఉన్నవాళ్లకు చూపించారు. కుర్రాడు కూడా మెచ్చుకుని, సరే తీయండి అన్నాడు. తీయబోతే రాలేదు. మెత్తని సంచి అయితే నొక్కితే వచ్చేది. ఇది రేకు, అది ఇనుము, మధ్యలో వెంట్రుక దూరేంత సందు లేదు. నువ్వు రాసిన కొలత చట్రానికి లోపలి కొలత. మా తమ్ముడు పెట్టెకు బయటి కొలత అదే పెట్టాడు. తప్పెవరిదీ కాదు, ఇద్దరూ సరిగ్గానే ఉన్నారు.

మీ అన్నయ్య పట్టి లాగారు, కుర్రాడు పట్టి లాగాడు. సామాను మోసే ఇద్దరు వచ్చి తలకిందులు చేసి దులిపారు. కుర్రాడు చెమట తుడుచుకుంటూ, "ఆంటీజీ, యే తో నికల్ హీ నహీ రహా" అన్నాడు, ఊడి రావడమే లేదని. "చూశావా, కొలత సరిపోయింది కదా బాబూ, నేను తప్పు చేశానా?" అన్నాను. తప్పు లేదని ఒప్పుకున్నాడు. బరువు తూయాలంటే చట్రంతో సహా తూయాలి, అది కుదరదు. పైలట్ తొందర పెట్టాడు. చివరికి చట్రంతో సహా తెచ్చి వెనకాల ఖాళీ సీట్లో పెట్టి, పట్టీ బిగించారు. మా నాన్న పెట్టె విమానంలో సీట్లో కూర్చుని వచ్చింది రజనీ. చాక్లెట్టు పంచే అమ్మాయి దానిముందు కూడా ఒక్క క్షణం ఆగింది.

తర్వాతది నీకు తెలుసు, అయినా నాకు రాసుకోవాలని ఉంది. నలుగురు మనుషులు మోసుకొచ్చి మీ నట్టింట్లో తివాచీ మీద దించారు. మీ అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని, "ఏటే రజనీ ఇది? మేనమావ కోళ్లగూడు తెచ్చీసాడేటి?" అన్నారు. నీ ముఖం నేను చూశాను. "పెరట్లో పెట్టించు" అని పనిమనిషితో అన్నావు, నేను విన్నాను. అదే మాట! "కుమారి పట్టుచీర అందులోనే ఉంది. మేనమామ చీరను పెరట్లో పెడతావా?" అని మీ వియ్యపురాలి ముందు అడిగాను. పెట్టె తివాచీ మీదే ఉండిపోయింది.

చట్రం ఊచలు అడ్డం, మూత తెరుచుకోదు. చీర రాకపోతే పిల్ల బుట్టలో కూర్చోదు. పెళ్లిరోజు పొద్దున్న మీ వియ్యంకుడుగారు పట్టుపంచె పైకి దోపి మోకాళ్ల మీద కూర్చుని కొబ్బరినూనె పూశారు. నువ్వు నగలన్నీ పెట్టుకుని, నేల మీద చతికిలబడి, రెండు కాళ్లూ చట్రానికి తన్ని పట్టుకున్నావు. మీ అన్నయ్య ఇటునుంచి లాగారు. ఫోటోగ్రాఫరు అన్నీ తీశాడు, ఒక కాపీ నాకు పంపించు. పెట్టె ఊడి వచ్చినప్పుడు నువ్వు వెనక్కి పడ్డావు చూడు, ఆ చప్పుడు నాకు సన్నాయి కంటే బాగుంది. పాపం అనిపించలేదు. నిజం చెబుతున్నాను, కొంచెం కూడా అనిపించలేదు.

మూత తీశాను. చీర మీద ఒక్క మరక లేదు. అందరూ చూశారు. లోపల పెడితే మా నాన్న పెట్టె తుప్పు పట్టదు, వానలో పడేస్తేనే పడుతుంది. ఇరవై ఏళ్లకు సాక్ష్యం దొరికింది.

ఇక నాకు ఎవరి మీదా కోపం లేదు. పెట్టెను గోనెగుడ్డ చుట్టించి రైల్వే పార్సిల్‌లో మా పక్క స్టేషన్ దుర్గ్‌కు పంపించు. మూత మీద పేరు నొక్కుకుపోకుండా పైన గడ్డి వేయించు.

వదిన

విశాఖపట్నం,
15 మే 1996

వదినకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చింపేద్దామనుకున్నాను. రెండోసారి చదివాక నవ్వొచ్చింది. ఎందుకో చివర్లో చెబుతాను.

నువ్వు గెలిచావు. సరే. వియ్యంకుడుగారి నడుం పట్టేసి మూడు రోజులు లేవలేదు. ఆ చట్రం వంకరపోయింది, కంపెనీవాళ్లు వద్దన్నారు. మీ అన్నయ్యగారు ఏజెన్సీ పోతుందేమోనని నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడా చట్రం మా పెరట్లో ఉంది, మా అత్తగారు దానిమీదికి ఆనపతీగ పాకించారు. నన్ను "తుప్పు చీర కోడలు" అనడం మానేశారు. "చట్రం కోడలు" అంటున్నారు. నా నగల కంటే నా కాళ్లే బాగా పడిన ఫోటో మా వియ్యపురాలు పెద్దది చేయించి తీసుకెళ్లింది. చూడు, నీకు కావాల్సినవన్నీ చెప్పాను. చదువుకుని సంతోషించు.

ఒక మాట మాత్రం ఒప్పుకోను. ఈసారి రంగు, ప్లాస్టిక్కు, అస్తరు, మూడు పొరలు వేసి తెచ్చావు. నా పెళ్లికి ఒక్క పాత దుప్పటి వేసి తెచ్చి ఉంటే నా చీర కూడా బాగుండేది. నీ సాక్ష్యం చెల్లదు.

ఇక పార్సిల్ సంగతి. నవ్వొచ్చింది అన్నాను కదా, ఇందుకే. మేనమామ చీర వచ్చిన పెట్టె పెళ్లికూతురిదే. మా అమ్మది అలాగే వెళ్లింది, నాది అలాగే వెళ్లింది. మొదటి ఉత్తరంలోనే రాశాను, తీసి చూసుకో. నీకు రేకు పెట్టె అన్న మాటే కనబడింది, దాని పైవరస కనబడలేదు. మంచి సంచి కొను అని నెత్తీ నోరూ కొట్టుకున్నది మీ నాన్నను అవమానించడానికి కాదు, అది పిల్లతో వెళ్లేది కాబట్టి.

పెట్టె కుమారితో వెళ్లిపోయింది. దాన్ని తిరిగి అడగడం మన ఇళ్లలో లేదు. అడిగితే అశుభం.

రజని

భిలాయి,
23 మే 1996

రజనీ,

ఆ ఆచారం నాకు తెలియదు. ఒట్టుగా తెలియదు. నేను పెరిగింది క్యాంప్ వన్‌లో. మా సందులో అందరూ ఎక్కడెక్కడినుంచో ఒక్కో పెట్టెతో వచ్చినవాళ్లే. మా అమ్మకు తోడబుట్టినవాళ్లు లేరు. నా పెళ్లికి నన్ను బుట్టలో కూర్చోబెట్టడానికి మేనమామే లేడు, పక్క క్వార్టరు కన్నమ్మ మొగుడు కూర్చోబెట్టాడు. మేనమామ పెట్టె ఎవరింటికి వెళ్తుందో నాకెవరు చెబుతారు?

మీ అన్నయ్యకు తెలుసట. "నీకు తెలిసే ఇస్తున్నావనుకున్నాను. ఎంత పెద్ద మనసని సంతోషించాను" అంటున్నారు. ఆయనతో రెండు రోజులుగా మాటల్లేవు.

నిన్న క్యాంప్ వన్‌కు వెళ్లాను. పెట్టె కోయగా మిగిలిన రేకు ఏమైందని లక్ష్మీప్రసాద్‌ను అడిగాను. గుమ్మం పక్కన చూపించాడు. చెత్త ఎత్తే చేట చేశాడు. రేకు వృథా పోకూడదని. మంచి పిడి కూడా అతికాడు. నేను దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. మా నాన్న చేసిన పెట్టెలో ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఆ చేట ఒక్కటే. దాంతో చెత్త ఎత్తలేక, ఊరికే పెట్టలేక, మంచం కింద పెట్టాను.

ఎంత పెద్ద పెట్టెను ముక్కలు చేయించాను రజనీ! నీ మీద కోపంతోనే చేయించాను. నువ్వు ఆ ఒక్క ముక్క రాయకపోతే పవర్ హౌస్ బజార్లో ఒక సంచి కొనుక్కుని వచ్చేదాన్ని. ఇది నీ వల్లే జరిగింది, నేను ఎప్పటికీ క్షమించను.

దానికి బదులు మంచి సూటుకేసు కొని పంపిస్తాను, కుమారికి ఏ రంగు కావాలో అడుగు. పెట్టె పంపించెయ్. లేకపోతే అది ఎక్కడుందో, దాన్ని ఎలా చూసుకుంటున్నారో అయినా రాయి.

వనజాక్షి

విశాఖపట్నం,
3 జూన్ 1996

వదినా,

సూటుకేసు వద్దు. కుమారికి అత్తవారు కొన్నవి మూడున్నాయి.

పెట్టె ఎలా ఉందని అడిగావు. మొన్న మూడు నిద్రలకని కుమారి ఇంటికి వెళ్లాను. చూశాను. ఎక్కడ పెట్టారో నా రెండు కళ్లతో చూశాను. నట్టింట్లో ఉందో, పెరట్లో ఉందో నీకు చెప్పను. ఇరవై ఏళ్లు నీలో నువ్వే అడుగుతూ కూర్చున్నావు కదా, ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు, ఎందుకు పెట్టారు అని. ఇంకో ఇరవై ఏళ్లు అడుగు.

నేల మీద చతికిలబడిన ఫోటో వాళ్ల హాల్లో గోడకు వేలాడుతోంది. వచ్చినవాళ్లందరూ చూసి నవ్వుతున్నారు. అది చూసి వచ్చిన కోపంలో ఈ ఉత్తరం రాస్తున్నాను కాబట్టి, కోపం తగ్గాక ఏమైనా చెబుతానేమోనని ఆశ పెట్టుకోకు. నాకు కోపం తగ్గదు. అది నేను నీ దగ్గరే నేర్చుకున్నాను.

కావాలంటే నువ్వే వచ్చి చూసుకో.

రజని

భిలాయి,
12 జూన్ 1996

చిరంజీవి సౌభాగ్యవతి రజనికి వదిన వనజాక్షి దీవించి రాయునది.

వస్తున్నాను. ఆషాఢం రాకముందే వస్తాను. అన్నయ్యగారితో చెప్పి ఆ విమానంలోనే నాకు ఒక టికెట్ తీయించు. మీ అన్నయ్య రావడం లేదు. మనిద్దరం పంతాలకు పోతే మధ్యలో ఆయన లాగలేరట, రెండు చేతులూ పైకెత్తేశారు.

ఎయిర్‌పోర్టుకు ఎవరూ రావద్దు. కుమారి ఇంటి చిరునామా రాసి పంపు చాలు. నిన్ను చూడటానికి రావడం లేదు.

చేతిసామాను ఏం తేవాలో నువ్వు చెప్పక్కర్లేదు. ఏమీ తేను. సంచి లేదు, బుట్ట లేదు. ఒంటిమీద చీర, కొంగున టికెట్. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని వస్తాను.

ఆ పెట్టె నట్టింట్లో ఉంటే దాని పక్కన కూర్చుని కుమారి ఇచ్చిన కాఫీ తాగుతాను. మూత మీద నాన్న పేరు ఒకసారి తడిమి చూసుకుంటాను. పిల్లకు బొట్టు పెట్టి, వెళ్లినట్టే ఖాళీ చేతులతో తిరిగి వస్తాను. అది దానిదే. మళ్లీ అడగను.

పెరట్లో ఉంటే మాత్రం ఆచారం లేదు, అశుభం లేదు. నెత్తిన పెట్టుకుని నడిచి వస్తాను, మా నాన్న వచ్చినట్టే. విశాఖ ఎయిర్‌పోర్టులో చట్రం దగ్గర నిలబడే కుర్రాడితో అన్నయ్యగారిని ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచమను. కొలత వాళ్లకు తెలుసు.

వనజాక్షి